మేరియెట్టా: షేర్లు అమ్మి కట్టిన ఏటిగట్టు ఊరు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండీ. వెనక వరసల్లో వినపడుతోందా? మైకు కొంచెం కీచుమంటోంది, పర్లేదు, దూరంగా పట్టుకుంటా.

వచ్చే శనివారం మనవాళ్ళంతా బస్సేసుకుని మేరియెట్టా వెళ్తున్నారు కదా, ఊరికే ఫోటోలు దిగి ఐస్‌క్రీమ్ తిని వచ్చెయ్యకుండా వెళ్ళేముందు ఆ ఊరి కథ కాస్త చెప్పమన్నారు. ఐస్‌క్రీమ్ కూడా తినండి, దానికేం. మన ఒహాయో రాష్ట్రంలోనే, కొలంబస్ నుంచి రెండు గంటల డ్రైవ్, పదమూడు వేల పైచిలుకు జనం, మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులు నాలుగు కలిపితే అంతమంది ఉంటారేమో. మస్కింగమ్ నది ఉత్తరం నుంచి వచ్చి ఒహాయో నదిలో కలుస్తుంది, ఆ మూలన ఉంటుంది ఊరు. అవతలి ఒడ్డు వెస్ట్ వర్జీనియా. చూడ్డానికి చిన్న ఊరే గానీ ఒహాయో నదికి ఈ పక్కన అమెరికా ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకుని వేసిన మొట్టమొదటి సెటిల్‌మెంట్ ఇదే, 1788 ఏప్రిల్ 7న.

పయనీర్ అనగానే మనకి ఒక బొమ్మ వస్తుంది. భుజాన తుపాకి, చేతిలో గొడ్డలి, వెనకాల గూడుబండిలో పెళ్ళాం పిల్లలు, ఎదురుగా కొండలు, ఎవడికీ చెప్పకుండా ఎవణ్ణీ అడక్కుండా పోతూ ఉంటాడు. అలాంటివాళ్ళు లేరని కాదు, ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకాసేపట్లో చెప్తాను. కానీ మేరియెట్టా వాళ్ళు అలా రాలేదండి. మీటింగులు పెట్టుకుని, షేర్లు అమ్ముకుని, మినిట్స్ రాసుకుని, ప్లాను గీసుకుని వచ్చారు. మనకి బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే ఇదొక వెంచరు. లేఅవుట్ వేశారు, ఇంటి ప్లాట్లు వేరే, పొలం ముక్కలు వేరే, లాటరీ తీసి ఎవరి నంబరు వాళ్ళకిచ్చారు. బ్రోచరు కూడా ఉంది. (నవ్వులు) ఉందండీ, నిజంగానే, కరపత్రం అచ్చేసి పంచారు.

అసలు ఎందుకు మొదలైందంటే జీతాల బాకీ. ఇంగ్లండుతో యుద్ధం అయిపోయింది, 1783లో సంధి అయింది, కానీ ఎనిమిదేళ్ళు యుద్ధం చేసిన ఆఫీసర్లకి, సైనికులకి ఇవ్వడానికి కాంగ్రెస్ దగ్గర, అంటే అప్పటి అమెరికా ప్రభుత్వం దగ్గర, డబ్బు లేదు. కాగితాలిచ్చారు, ఇంత బాకీ ఉన్నాం అని. ఆ కాగితం పట్టుకుని బజారుకెళ్తే డాలరు కాగితానికి పది సెంట్లో ఇరవై సెంట్లో ఇచ్చేవాళ్ళు. ఇంటికెళ్తే పొలం మీద అప్పు, పన్ను. మసాచుసెట్స్‌లో అప్పుల బాధతో రైతులు తిరగబడ్డారు కూడా. అప్పుడు కొంతమంది మాజీ ఆఫీసర్లు ఏం ఆలోచించారంటే, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు గానీ పడమట బోలెడు భూమి ఉంది కదా (ఆ భూమి ప్రభుత్వానిదేనా అన్నది వేరే సంగతి, అక్కడికీ వస్తాను), ఈ కాగితాలు వెనక్కి తీసుకుని ఆ భూమి ఇమ్మని అడుగుదాం అని. 1786 మార్చిలో బోస్టన్‌లో ఒక సారాకొట్టు, అదే టావెర్న్, దాని పేరు బంచ్ ఆఫ్ గ్రేప్స్, అక్కడ కూచుని ఒహాయో కంపెనీ అని పెట్టారు. షేరు ధర వెయ్యి డాలర్ల బాకీ కాగితాలు, పైన ఖర్చులకి పది డాలర్లు బంగారం. చివరికి షేరుకి వచ్చింది ఊళ్ళో ఒక ఇంటి స్థలం, బయట రకరకాల ముక్కలు కలిపి సుమారు 1,170 ఎకరాలు.

దీని వెనకాల ఇద్దరు ముఖ్యం. ఒకాయన రూఫస్ పట్నమ్. ఈయన నాకు చాలా ఇష్టం. ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు, మారుతండ్రికి చదువంటే గిట్టదు, కొవ్వొత్తి వెలిగించనిచ్చేవాడు కాదు, బడికి పంపేవాడు కాదు. వాళ్ళది పూటకూళ్ళ ఇల్లు, వచ్చినవాళ్ళ బూట్లు తుడిస్తే ఒకటీ అరా పెన్నీలు చేతిలో పెట్టేవాళ్ళు, వాటితో తుపాకి మందు కొని, పిట్టలు కొట్టి అమ్మి, ఆ డబ్బుతో ఒక స్పెల్లింగ్ పుస్తకం, ఒక లెక్కల పుస్తకం కొనుక్కున్నాడు. అయినా స్పెల్లింగ్ రాలేదు పాపం, జీవితాంతం ఆయన ఉత్తరాల్లో స్పెల్లింగులు ఘోరంగా ఉంటాయి. లెక్కలు మాత్రం వచ్చాయి. మిల్లులు కట్టే పని నేర్చాడు, యుద్ధంలో ఇంజినీరు అయ్యాడు. 1776లో బోస్టన్ పక్కన డోర్చెస్టర్ గుట్టల మీద నేల గడ్డకట్టుకుపోయి తవ్వడానికి లేకపోతే, చెక్క చట్రాలు ముందే తయారు చేయించి రాత్రికి రాత్రి పైకి తీసుకెళ్ళి పేర్చిన ఐడియా ఈయనదే, తెల్లారి లేచి చూసి బ్రిటిష్ వాళ్ళు కొన్నాళ్ళకే బోస్టన్ ఖాళీ చేసి పోయారు.

రెండో ఆయన మనాసె కట్లర్, పాస్టరు. పాస్టరే కాదు, వైద్యం చేసేవాడు, మొక్కల శాస్త్రం తెలుసు, లాయరు చదువు కూడా చదివాడు. 1787 జూలైలో గుర్రబ్బండి కట్టుకుని న్యూయార్క్ వెళ్ళాడు, అప్పట్లో కాంగ్రెస్ అక్కడే. విందులకెళ్ళాడు, ఎవరికి ఎవరంటే పడదో కనుక్కున్నాడు, ఇవ్వకపోతే వేరే రాష్ట్రం దగ్గర కొనుక్కుంటామని బెదిరించాడు. ఈ రోజుల్లో దాన్ని లాబీయింగ్ అంటాం. పదిహేను లక్షల ఎకరాలకి బేరం, ఎకరం డాలరు, అందులో బాగోని నేలకి మూడో వంతు తగ్గింపు, కట్టేది బాకీ కాగితాల్లో, కాబట్టి అసలు డబ్బులో లెక్కేస్తే ఎకరం పది సెంట్ల లోపే పడింది. మొత్తం డబ్బు కట్టలేకపోయారు గనక చివరికి అంత భూమి రాలేదు, అది వేరే సంగతి.

అదే నెలలో, జూలై 13న, కాంగ్రెస్ నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ పాస్ చేసింది. ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదు, మత స్వేచ్ఛ ఉండాలి, స్కూళ్ళని ప్రోత్సహించాలి, జనం పెరిగాక పాత రాష్ట్రాలతో సమానంగా కొత్త రాష్ట్రాలు కావాలి అని. ఈ కొనుగోలు ఒప్పందంలో ప్రతి టౌన్‌షిప్‌లో 16వ నంబరు సెక్షను బడికి (టౌన్‌షిప్ అంటే కొలిచి గీసిన భూమి చదరం, సెక్షను అందులో ఒక ముక్క), రెండు టౌన్‌షిప్పులు యూనివర్సిటీకి అని రాశారు. ఆ రెండు టౌన్‌షిప్పుల మీద వచ్చిందే ఏథెన్స్‌లో ఒహాయో యూనివర్సిటీ, 1804. ఇక్కడ అందులో చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ, నలుగురు చేతులెత్తారు, చూశారా, మీ అడ్మిషను బేరం న్యూయార్క్‌లో కట్లర్ గారు మాట్లాడిందన్నమాట. (నవ్వులు)

సరే, బయల్దేరారు. 1787 డిసెంబరు, మంచు. ఒక బ్యాచ్ మసాచుసెట్స్‌లో కట్లర్ ఇంటి ముందు నుంచి, రెండో బ్యాచ్ జనవరి 1న కనెక్టికట్ నుంచి. నడక. బండిలో సామాను, మనుషులు పక్కన నడక. అల్లెగెనీ కొండల దగ్గర మంచు ఎక్కువై బండ్లు ఆగిపోతే చక్రాలు లేని జారుడు బండ్లు చేసుకుని లాక్కుంటూ పోయారు. పిట్స్‌బర్గ్‌కి ఇవతల సమ్రిల్స్ ఫెర్రీ అనే రేవులో అందరూ కలిసి పడవలు కట్టుకున్నారు, పెద్ద పడవ నలభై ఐదు అడుగులు. పనివాళ్ళని ఎంచి మరీ తెచ్చుకున్నారు చూడండి, పడవలు కట్టేవాళ్ళు, వడ్రంగులు, కమ్మరి, సర్వేయర్లు. మొత్తం 48 మంది, అందరూ మగాళ్ళే, ఆడవాళ్ళు పిల్లలు ఆగస్టులో వచ్చారు.

ఇప్పుడు చరిత్రాత్మక ల్యాండింగ్. విగ్రహాల్లో బొమ్మల్లో చాలా గంభీరంగా ఉంటుంది. జరిగిందేంటంటే, ఆ రోజు ముసురు, మబ్బు, ఒడ్డు మీద పెద్ద పెద్ద సికమోర్ చెట్లు నీళ్ళ మీదికి వాలి మస్కింగమ్ మూతిని కప్పేశాయి, వీళ్ళకి కనపడలేదు, దిగాల్సిన చోటు దాటి కిందకి కొట్టుకుపోయారు. అంత దూరం మంచులో నడిచొచ్చి ఆఖరి మలుపు మిస్ అయ్యారండి. (నవ్వులు) ఎదురు ఏటికి ఆ బరువు పడవ వెనక్కి రాదు కదా, మస్కింగమ్ అవతలి గట్టున ఫోర్ట్ హార్మర్ అని మిలిటరీ కోట ఉంది, ఆ సోల్జర్లు వచ్చి తాళ్ళు కట్టి లాగి మస్కింగమ్ మూతిలోకి చేర్చారు.

ఆ కోట అక్కడ ఎందుకుందో కూడా చెప్పాలి. 1785లో కట్టారు, ఇండియన్ల మీద, అంటే ఇక్కడి ఆదివాసుల మీద, యుద్ధానికి అనుకుంటారు చాలామంది. ప్రధానంగా కట్టింది ఎవరికీ చెప్పకుండా వచ్చి భూమి ఆక్రమించే తెల్లవాళ్ళని ఆపడానికి. ఇందాక చెప్పిన గొడ్డలి పయనీర్లున్నారే, వాళ్ళు! గుడిసెలు వేసుకుంటే సోల్జర్లు వెళ్ళి తగలబెట్టి తరిమేవాళ్ళు, వీళ్ళు అవతల ఒడ్డుకి పోయి పదిరోజులాగి మళ్ళీ వచ్చేవాళ్ళు. అంటే కాగితం లేకుండా వచ్చినవాడు ఆక్రమణదారు, కాగితంతో వచ్చినవాడు పయనీరు. ఆ కాగితం ఇచ్చిన కాంగ్రెస్‌కి ఆ భూమి ఎలా వచ్చిందని అడిగితే ఇంగ్లండు ఇచ్చింది అంటారు, ఇంగ్లండుకి ఎవరిచ్చారో చెప్పరు. అప్పటికే అక్కడ ఉంటున్నవాళ్ళు డెలవేర్లు, షానీలు, వయాండాట్లు అనే ఇండియన్ తెగలు, వాళ్ళని ఎవరూ అడగలేదు.

పడవ దిగేసరికి గట్టు మీద డెలవేర్ల నాయకుడు కెప్టెన్ పైప్ ఉన్నాడు, తన వాళ్ళు డెబ్భై మంది దాకా తోడు, బొచ్చు చర్మాల వ్యాపారానికి కోట దగ్గరికొచ్చారు. మర్యాదగానే పలకరించారు. ఆరేళ్ళ కిందట 1782 మార్చిలో ఇదే నది పైభాగాన గ్నాడెన్‌హట్టెన్ అనే ఊళ్ళో క్రైస్తవం పుచ్చుకుని, ఆయుధం పట్టకుండా, మొక్కజొన్న చేను కోసుకుంటున్న డెలవేర్లని 96 మందిని, ఆడవాళ్ళు పిల్లలతో సహా, పెన్సిల్వేనియా మిలీషియా (ఊరి జనంతో కట్టిన సైనిక దళం) వాళ్ళు చంపేశారు. అది తెలిసిన మనిషి వచ్చి చెయ్యి కలిపాడు. దాన్ని వెల్‌కమ్ అని రాసుకున్నారు పట్నమ్ వాళ్ళు, పైప్ మనసులో ఏముందో మనకి రాసిపెట్టినవాళ్ళు లేరు.

ఇక పని మొదలు. గవర్నరు ఇంకా రాలేదు, చట్టం లేదు, అందుకని రూల్సు రాసి ఏటి ఒడ్డున ఒక పెద్ద చెట్టుకి మేకులు కొట్టి తగిలించారు, అదే అప్పటికి రాజ్యాంగం. జూలై 2న డైరెక్టర్ల మీటింగులో ఊరి పేరు నిర్ణయించారు, కట్లర్ గారు అడెల్ఫియా అన్నారు, యుద్ధంలో ఫ్రాన్స్ చేసిన సాయానికి కృతజ్ఞతగా రాణి మేరీ ఆంట్వనెట్ పేరు కుదించి మేరియెట్టా అన్నారు మిగతావాళ్ళు. అయిదేళ్ళకి ఆ రాణి తల తీసేశారు, ఊరి పేరు మాత్రం ఉండిపోయింది.

జూలై 4న విందు. ఏటి గట్టున అరవై అడుగుల బల్ల, జింక మాంసం, ఎలుగు, అడవి దున్న, పందులు, మస్కింగమ్‌లో ఈటెతో పొడిచి పట్టిన ఒక పైక్ చేప. వంద పౌండ్లని రాశారు. చేప బరువు విషయంలో ఎంత నిజాయితీపరుడినైనా నేను నమ్మను. (నవ్వులు) తినబోతే వాన, గిన్నెలు ఎత్తి లోపల పెట్టడం, ఎండొస్తే మళ్ళీ బయట పెట్టడం, మళ్ళీ వాన.

ఇప్పుడు దిబ్బల గురించి. మీరు వెళ్ళాక మౌండ్ సెమెటరీ తప్పకుండా చూడండి. వీళ్ళు చెట్లు కొట్టడం మొదలుపెట్టగానే అడవి కింద నుంచి మట్టి గోడలు బయటపడ్డాయి. చతురస్రాలు, పైన చదునుగా ఉన్న అరుగులు, మస్కింగమ్ ఒడ్డు దాకా దిగే వెడల్పాటి దారి, దానికి అటూ ఇటూ ఎత్తైన మట్టి కట్టలు, ఒక పక్కన ముప్పై అడుగుల ఎత్తు గుండ్రటి దిబ్బ, చుట్టూ కందకం. ఆ గుండ్రటిది అడీనా అనే వాళ్ళ పని, సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది, మిగతావి తర్వాత వచ్చిన హోప్‌వెల్ వాళ్ళవి అంటారు. అప్పుడు ఇవేవీ తెలీదు. రోమన్లంటారు, వేల్స్ వాళ్ళంటారు, ఎవరెవరినో అన్నారు గానీ పక్కన నిలబడ్డ కెప్టెన్ పైప్ లాంటి ఇండియన్ల పూర్వీకులు కట్టుంటారని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

కట్లర్ ఆ వేసవి చివర్లో చూడ్డానికొచ్చాడు. దిబ్బ మీద కొట్టేసిన చెట్టు మొద్దు దగ్గర కూచుని వలయాలు లెక్కపెట్టాడు. ఒకదానికి నాలుగొందలకి పైగా వచ్చాయి. పక్కనే ఇంకో పెద్ద చెట్టు కుళ్ళిపోయి ఆ కుళ్ళులోంచి కొత్తది మొలిచిన గుర్తులున్నాయి, అంటే ముందు తరం చెట్టు వయసు కూడా కలుపుకోవాలి, కాబట్టి వెయ్యేళ్ళు ఉండొచ్చు అని రాశాడు. చెట్టు వలయాలతో కట్టడం వయసు కట్టడం అమెరికాలో తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. పాస్టరు గారు, బైబిలు చంకలో పెట్టుకుని, అడవిలో మొద్దు మీద వంగి గీతలు లెక్కపెట్టడం, ఆ లెక్క కూడా అంత జాగ్రత్తగా కట్టడం, మంచి పని కదండీ.

డైరెక్టర్లు ఏం చేశారంటే ఈ దిబ్బలు ఉన్న స్థలాలని ప్లాట్లు వెయ్యకుండా పబ్లిక్ స్క్వేర్లుగా వదిలేశారు. లేఅవుట్లో ఓపెన్ ప్లేసు వదలడం, అదీ అమ్మకుండా వదిలెయ్యడం! పేర్లు మాత్రం లాటిన్ పేర్లు పెట్టారు, సాక్రా వయా, కాపిటోలియం అని. 1801లో గుండ్రటి దిబ్బ చుట్టూ శ్మశానం చేశారు, అలా అది మిగిలింది. అన్నీ మిగల్లేదు. సాక్రా వయా కట్టలని 1840ల్లో ఇటుకల బట్టీకి అమ్మేసుకున్నారు, పట్నమ్ వాళ్ళ తరం పోయాక. ఇప్పుడు ఆ దారి ఖాళీ గడ్డి, రెండు పక్కలా ఇళ్ళు. డిసెంబరులో పగలు బాగా తక్కువుండే రోజున సూర్యుడు సరిగ్గా ఆ దారి చివర అస్తమిస్తాడు, చూడ్డానికి జనం వస్తారు. కాపిటోలియం దిబ్బ మీద ఊరి లైబ్రరీ ఉంది, పడగొట్టకుండా దాని మీదే కట్టారు. మౌండ్ సెమెటరీలో పట్నమ్ సమాధి ఉంది, 1824. స్వాతంత్ర్య యుద్ధ ఆఫీసర్లు దేశంలో ఇంకెక్కడా లేనంతమంది అక్కడున్నారని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దిబ్బ పైకి మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఉండండి.

ఆకలి ఏడాది సంగతి. 1789 అక్టోబరులో తొందరగా మంచు పడి జొన్న, అదే మొక్కజొన్న, పాలు పోసుకునే దశలో కాలిపోయింది. 1790 వసంతానికి నిల్వలైపోయాయి. పిండి బూజు పట్టింది, తింటే వాంతులు. కొత్తగా తవ్విన నేల, ఆవులు తక్కువ, డబ్బు అంతకన్నా తక్కువ. ఆడవాళ్ళు గట్ల మీద దురదగొండి లాంటి నెట్టిల్ చిగుళ్ళు, అడవి ఆకుకూరలు ఏరి ఉడకబెట్టి పిల్లలకి పెట్టారు. మేపుల్ చెట్ల పానకం కాచి చక్కెర చేసుకున్నారు. ఒహాయో నది అవతలి ఒడ్డున, వర్జీనియా వైపు (ఇప్పటి వెస్ట్ వర్జీనియా అప్పట్లో వర్జీనియాలో భాగమే), ఐజాక్ విలియమ్స్ అని ఒకాయన ముందు నుంచే ఉంటున్నాడు, పాత వేటగాడు, భార్య రెబెకా. వీళ్ళకి వైద్యం కూడా చేసేదావిడ, దెబ్బలు కట్టడంలో పేరుంది. వాళ్ళ చేను ముందే కోతకొచ్చి గాదె నిండుగా ఉంది. బయట బుషెల్ (ధాన్యం కొలత) జొన్న డాలరున్నర, రెండు డాలర్లు పలుకుతోంది. వ్యాపారులు వచ్చి గాదె మొత్తం ఒకేసారి డాలరు పావలాకి కొంటామన్నారు. ఆయన ఇవ్వలేదు. పడవేసుకుని వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేది ఒకటే, మీ ఇంట్లో ఎంతమంది అని. తలలు లెక్కపెట్టుకుని దాని ప్రకారం కొలిచి బుషెల్ యాభై సెంట్లకే ఇచ్చేవాడు, మామూలు ధరకి, ఎక్కువ డబ్బు తెచ్చినవాడికీ అంతే. లేనివాళ్ళకి అరువు. విచిత్రం ఏంటంటే ఆ ఒడ్డు బానిసల్ని ఉంచుకునే రాష్ట్రం, ఈ కంపెనీ లేదు, షేర్లు లేవు, ఆయన ఇందాకటి గొడ్డలి జాతివాడు. ప్లానుతో వచ్చిన ఊరిని ప్లాను లేని ముసలాయన బతికించాడు. మన బస్సు బ్రిడ్జి దాటితే వచ్చే విలియమ్స్‌టౌన్ ఆయన పేరు మీదే.

ఆ ఏడాదే ఇంకో తమాషా, తమాషా అనకూడదు, అన్యాయం. కట్లర్ బేరంలో పక్కన ఇంకొంతమంది పెద్దమనుషులు సయోటో కంపెనీ అని ఇంకో పెద్ద ముక్కకి ఆప్షన్ తీసుకున్నారు, పైసా కట్టకుండా పారిస్ వెళ్ళి అమ్మేశారు. చేతిలో లేని భూమి! విగ్గులు చేసేవాళ్ళు, చెక్కడం పనివాళ్ళు, గుర్రబ్బండ్లు చేసేవాళ్ళు, మొత్తం మీద అయిదొందల మంది ఫ్రెంచివాళ్ళు ఓడెక్కి వచ్చి చూస్తే పట్టా లేదు ఏమీ లేదు. పట్నమ్ మనుషుల్ని పంపి దిగువన గాలిపొలిస్ దగ్గర వాళ్ళకి 80 లాగ్ క్యాబిన్లు కట్టించాడు. డబ్బు కాంగ్రెస్ అయిదేళ్ళ తర్వాత కొంత భూమి రూపంలో సర్దింది. ఎన్నారైలకి ప్లాట్లు అమ్మేవాళ్ళ గురించి నేనేం మాట్లాడను, మీకే తెలుసు. (నవ్వులు, చప్పట్లు)

యుద్ధం సంగతి తొందరగా చెప్తాను. 1789 జనవరిలో ఫోర్ట్ హార్మర్‌లో ఒక సంధి రాశారు, సంతకం చెయ్యని తెగలే ఎక్కువ. 1791 జనవరి 2 సాయంత్రం, మస్కింగమ్ పైన ముప్పై మైళ్ళ దూరంలో బిగ్ బాటమ్ అనే చోట, కుర్రాళ్ళు కొందరు పెద్దవాళ్ళు వద్దన్నా వినకుండా వెళ్ళి కట్టుకున్న సగం సగం బ్లాక్‌హౌస్, అంటే దుంగల చిన్న కోట. కావలి లేదు. డెలవేర్లు, వయాండాట్లు దాడి చేసి పన్నెండు మందిని చంపారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఊరంతా కోటల్లోనే, కాంపస్ మార్షియస్ అని పట్నమ్ కట్టించిన చతురస్రం, పక్కకి నూట ఎనభై అడుగులు, లోపల ఇళ్ళు వరసగా, మూలల్లో బురుజులు. పొలానికెళ్తే సగం మంది దున్నడం, సగం మంది తుపాకులతో కాపలా. అదే నవంబరులో గవర్నరు సెయింట్ క్లెయిర్ సైన్యం వాబాష్ నది దగ్గర లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ అనే ఇండియన్ నాయకుల చేతుల్లో ఓడింది, ఆరొందల మందికి పైగా చచ్చిపోయారు, ఇండియన్ల చేతిలో అమెరికా సైన్యం అంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. 1794లో ఫాలెన్ టింబర్స్ దగ్గర లెక్క తిరగబడింది, 1795లో గ్రీన్‌విల్ సంధి, ఒహాయోలో చాలా భాగం ఇండియన్ల చేతుల్లోంచి పోయింది. కాంపస్ మార్షియస్ పేరుతోనే ఇప్పుడు మ్యూజియం ఉంది, పట్నమ్ ఇల్లు కదిలించకుండా ఉన్నచోటే ఉంచి దాని చుట్టూ మ్యూజియం కట్టారు. ఆ ఇంట్లో చెక్కల మందం చూడండి, నాలుగంగుళాలు.

శాంతి వచ్చాక ఊరి అసలు తెలివి బయటపడింది. ఓడలు! సముద్రం ఎక్కడ, మేరియెట్టా ఎక్కడ. నది వెంట న్యూ ఆర్లియన్స్‌కి పదహారొందల మైళ్ళకి తక్కువుండదు. కానీ న్యూ ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు కదా, ఓడలు కట్టే చేతులున్నాయి, ఓక్ అడవి ఉంది, జనపనార లాంటి హెంప్ పండిస్తున్నారు, తాళ్ళు అక్కడే పేనారు. 1801లో సెయింట్ క్లెయిర్ అని 110 టన్నుల ఓడ పిండి, పంది మాంసం వేసుకుని బయల్దేరింది, కెప్టెన్ అబ్రహం విపుల్. ఈయన స్వాతంత్ర్య యుద్ధానికి ముందే, 1772లో, గాస్పీ అనే బ్రిటిష్ ఓడని తగలబెట్టిన పార్టీకి నాయకుడు, యుద్ధంలో చేతి డబ్బు ఖర్చు పెట్టి దివాలా తీసి ఇక్కడికొచ్చి పొలం చేసుకుంటున్నాడు. అరవై ఏడేళ్ళ ముసలాయన మళ్ళీ ఓడెక్కాడు. లూయీవిల్ దగ్గర రాళ్ళ జారుడుంది, మామూలుగా ఓడ దాటదు, వరద నీళ్ళు పొంగే టైము చూసి దాటించారు. హవానాకి వెళ్ళారండి, క్యూబా! ఏటిగట్టు పల్లెటూరు నుంచి హవానా. పిట్స్‌బర్గ్ ఓడ ఒకటి ఇటలీలో లెగ్‌హార్న్ రేవుకెళ్తే అక్కడి కస్టమ్స్ ఆఫీసరు ప్రపంచంలో పిట్స్‌బర్గ్ అని రేవే లేదు, నీ కాగితాలు దొంగవని పట్టుకున్నాడని, కెప్టెన్ మ్యాపు పరిచి మిసిసిపీ మూతి నుంచి వేలితో గీస్తూ చూపించాడని హెన్రీ క్లే అనే రాజకీయ నాయకుడు కాంగ్రెస్‌లో చెప్పాడు. మేరియెట్టాలో ఆ ఏడెనిమిదేళ్ళలో ఇరవైకి పైగా ఓడలు దిగాయి. 1807 డిసెంబరులో అధ్యక్షుడు జెఫర్సన్ విదేశీ వ్యాపారం మీద నిషేధం పెట్టాడు, ఎంబార్గో, ఒక్క సంతకంతో ఓడల పని పోయింది, తాళ్ళ పని పోయింది. ఊరు తర్వాత స్టీమ్‌బోట్లు చూసింది, 1835లో కాలేజీ పెట్టుకుంది, 1913లో పెద్ద వరద చూసింది, కానీ దేశంలో ముందు వరసలో మళ్ళీ ఎప్పుడూ లేదు. సిన్సినాటీ, కొలంబస్ ముందుకెళ్ళిపోయాయి. దిబ్బలు మిగలడానికి అదీ ఒక కారణమే అనుకుంటా, పెరిగిన ఊళ్ళలో ఉన్నవన్నీ చదును చేసేశారు.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తా, లంచ్ వచ్చిందంటున్నారు. బానిసత్వం వద్దన్న రూలు. కాగితం మీద రాయడం ఒకటి, నిలబెట్టడం ఒకటి. 1802లో రాష్ట్ర రాజ్యాంగం రాసేటప్పుడు బానిసత్వాన్ని దొడ్డిదారిన తెద్దామని కొందరు చూశారు, కట్లర్ గారి కొడుకు ఎఫ్రాయిమ్ జబ్బుతో మంచంలో ఉన్నవాడు లేచొచ్చి అడ్డుపడ్డాడు. అదే సభలో నల్లవాళ్ళకి ఓటు ఇద్దామంటే ఒక్క ఓటు తేడాతో పోయింది. 1804 నుంచి నల్లవాళ్ళు ఒహాయోలో ఉండాలంటే స్వతంత్రులమని కాగితం చూపించాలి, 1807లో అయిదొందల డాలర్ల పూచీ కూడా అడిగారు. వీసా స్టాంపింగ్ లాంటివి మనకే ఉన్నాయనుకోకండి. కానీ నది మాత్రం సరిహద్దు కదా, రాత్రిళ్ళు వర్జీనియా ఒడ్డు నుంచి ఈదో పడవేసుకునో వచ్చేవాళ్ళు, హార్మర్ వైపు డేవిడ్ పట్నమ్ జూనియర్ అని ఒకాయన, రూఫస్ గారి వంశంలోనే దూరపు చుట్టరికం, వాళ్ళని దాచి ఉత్తరానికి పంపేవాడు. 1840ల్లో అవతలి ఒడ్డు జమీందారొకడు నా బానిసల్ని లేపుకుపోయావని ఈయన మీద డబ్బు కోసం కేసేశాడు, ఏళ్ళు నడిచి చివరికి నిలవలేదు. ఆయన ఇల్లు రోడ్డు పెద్దది చేసినప్పుడు పోయింది అంటారు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా... ఆ డెలవేర్లు ఇప్పుడెక్కడున్నారు అంటున్నారు. మంచి ప్రశ్న. ఒహాయో నుంచి ఇండియానా, అక్కడి నుంచి మిస్సోరీ, కాన్సాస్, అలా తోసుకుంటూ పోయి ఓక్లహోమా. ప్రతి చోటా సంధి, ఇదే ఆఖరని సంతకం, మళ్ళీ పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఖాళీ చెయ్యమనడం. కొందరు కెనడా వెళ్ళారు, ఒంటారియోలో ఉన్నారు. ఒహాయోలో చివరగా మిగిలిన తెగ వయాండాట్లు, అప్పర్ శాండస్కీ దగ్గర, 1843లో వాళ్ళనీ పంపించేశారు. ఇవాళ ఒహాయోలో కేంద్రం గుర్తించిన తెగకి రిజర్వేషను ఒక్కటి కూడా లేదు. డెలవేర్ల ప్రభుత్వ ఆఫీసులు ఓక్లహోమాలో బార్టిల్స్‌విల్‌లో ఒకటి, అనడార్కోలో ఒకటి ఉన్నాయి. శనివారం బస్సు ఎనిమిదింటికల్లా బయల్దేరుతుందిట, పిల్లలకి జాకెట్లు తెచ్చుకోండి, ఏటి గట్టున గాలి ఎక్కువ.